గురువారం స్టీమరు

"రేపటి స్టీమరుకి మా ఆయన్ని ఎక్కించేస్తారట, మీర్జాగారూ."

అంతవరకూ చెప్పి ఆ స్త్రీ గుమ్మంలోనే కూలబడిపోయింది. నల్ల ముసుగు అంచుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె వెనకాల ముప్ఫై అయిదేళ్ల మనిషొకడు తలగుడ్డ సర్దుకుంటూ నిలబడ్డాడు.

గోకుల్‌దాస్ రాస్తున్న అర్జీ పక్కన పెట్టి లేచాడు. కూజాలోంచి నీళ్లు వంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మనామా బజారులో హల్వా దుకాణం మీద ఉన్న ఆ గదికి ఏడ్చుకుంటూ వచ్చేవాళ్లు అతనికి కొత్త కాదు. మూడు తరాల కిందట హిందూదేశంలోని థట్టా నుంచి వచ్చి ఆ ద్వీపంలో స్థిరపడ్డ భాటియా వర్తకుల ఇంటివాడు. పొద్దున్నే గుడికి వెళ్లి, నుదుట బొట్టు పెట్టుకుని, ఎనిమిది గంటలకల్లా మీర్జా అస్గర్ గదికి వచ్చేవాడు. పేరుకి రాయసగాడు. నిజానికి మీర్జా వెంట తిరగడమే అతని ఉద్యోగం. ఆ మాట ఇంట్లో చెబితే భార్య నవ్వేది.

మీర్జా అస్గర్ పుట్టింది పారశీక దేశపు బుషెహర్‌లో. పడుచుతనంలో అక్కడి రేవులో, అంటురోగాల భయంతో ఉత్తరాలకు పొగపట్టే కచేరీలో పనిచేశాడు. ఇప్పుడు యాభై దాటాయి. ఎవరికి ఏ చిక్కొచ్చినా విచారించి నిజం తేల్చే ప్రైవేటు పరిశోధకుడని ఊళ్లో పేరు. అరబ్బులూ, పారశీకులూ, హిందూదేశం వాళ్లూ అందరూ వస్తారు.

"ముందు నీళ్లు తాగమ్మా," అన్నాడు మీర్జా. "స్టీమరు రేపు కదా. ఇవాళంతా మనదే. నీ పేరు?"

"హెస్సా. మా ఆయన బీరాన్, పడవలు కట్టే వడ్రంగి. మలబారు మనిషి. పదహారేళ్లయింది ఇక్కడికొచ్చి. ఈయన మా పెద్దమ్మ కొడుకు దర్వేష్. అమ్మ పోయాక పెద్దమ్మే నన్ను పెంచింది. ఇద్దరం ఒక్క పళ్లెంలో తిని పెరిగాం."

దర్వేష్ తల వంచుకుని, "బావ మంచివాడండీ. ఎలా జరిగిందో నాకూ అర్థం కావడం లేదు," అన్నాడు.

హెస్సా చెప్పింది ఇదీ. సోమవారం హాజీ షాహీన్ ఇంటి కొలువుగదిలో ముత్యాల పెట్టె మూత బందు ఊడితే బీరాన్ బాగుచెయ్యడానికి వెళ్లాడు. ఆ సాయంత్రమే పెట్టెలోంచి ఒక ఆణిముత్యం పోయింది. మంగళవారం పొద్దున బీరాన్ పనిముట్ల పెట్టెలో అది దొరికింది.

"ఖాజీగారి దగ్గరికి పరుగెత్తాను," అంది హెస్సా. "నీ మొగుడు హిందూదేశం మనిషి, మా విచారణ కిందికి రాడు, ఇంగ్లీషు దొరల ఏజెన్సీకి వెళ్లమన్నారు. అక్కడికి వెళ్తే గేటు దగ్గరెవరో, నువ్వు ఈ ద్వీపం ఏలే షేక్‌గారి మనిషివి, నీ మాట ఇక్కడ ఎవరికి కావాలన్నాడు. ఒక్క కాపురానికి రెండు కచేరీలా మీర్జాగారూ? నేరం రుజువైతే పైదేశం వాళ్లని వాళ్ల దేశానికి పంపేస్తారట. ఏడేళ్ల కూతురుంది. ఆయన్ని అక్కడ పడేస్తే మేమిక్కడ ఏమైపోవాలి?"

గోకుల్‌దాస్ మనసు కలుక్కుమంది. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లవాళ్లకి వేరువేరు చట్టాలు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. దేవుడి కచేరీ కూడా ఇలాగే రెండు వాకిళ్లతో ఉంటుందా అని అతనికి అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది.

"పోయింది దొరికింది. దొరికాక కేసు," అన్నాడు మీర్జా తనలో తను. "ముత్యం కావలసిన దొంగ దాన్ని పనిముట్ల పెట్టెలో ఎందుకు వదిలేస్తాడు? పద గోకుల్ భాయ్."

* * *

ఏజెన్సీలో మున్షీ హుస్సేన్‌ఖాన్ మీర్జాకి పాత స్నేహితుడు. దొరగారి అనుమతి చీటీ తీసుకుని ఇనప డబ్బా తాళం తీశాడు. కాగితాల మధ్య ఎర్ర గుడ్డ పొట్లం ఒకటుంది. ముత్యాల వర్తకులంతా వాడే ఎర్ర గుడ్డే. విప్పితే లోపల శనగగింజంత ముత్యం, వెన్నెల ముద్దకట్టినట్టు.

మీర్జా ముత్యం వైపు చూడనే లేదు. గుడ్డని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తరవాత గోకుల్‌దాస్‌కి అందించాడు.

"ఏం కనిపిస్తోంది?"

"కొత్త గుడ్డ. మరకలేవీ లేవు."

"వాసన?"

"పండగనాడు పెద్దింటి వాకిట్లో నిలబడ్డట్టుంది, మీర్జా సాబ్. అగరు ధూపం."

"నీ ముక్కు నిన్ను మోసం చెయ్యదు. గుర్తుపెట్టుకో." అని గుడ్డ తిరిగి ఇచ్చేస్తూ, "మున్షీజీ, ఇక్కడ పేరు రాయించుకున్న పైదేశం వాళ్ల జాబితా ఒకసారి చూడనిస్తారా?" అన్నాడు.

మున్షీ నవ్వాడు. "చూడండి, చూడండి. మన ఊరివాళ్లు కేసుని బట్టి దేశం మారుస్తారు. ఆస్తి కొనేటప్పుడు ఇక్కడివాడే. పక్కవాడి తల పగలగొట్టాక ఎక్కడినుంచో వచ్చినవాడు."

మీర్జా చాలాసేపు పేజీలు తిరగేసి, ఒకచోట వేలు ఆపి, ఆ పుట చదివి పుస్తకం మూసేశాడు.

బీరాన్ వెనక గదిలో చాప మీద కూర్చుని ఉన్నాడు. లావుపాటి చేతులు, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ. తలుపు తియ్యగానే గది నిండా సొరచేప నూనె వాసన. గోకుల్‌దాస్ పంచె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి, బాధపడతాడేమోనని మానేశాడు.

"ఫరవాలేదు సేఠ్, మూసుకోండి," అన్నాడు బీరాన్. "ఇన్నేళ్లనుంచీ మా ఆవిడ ముక్కు మూసుకునే కాపురం చేస్తోంది."

గోకుల్‌దాస్ కొంగు వదిలేసి అతని పక్కనే చాప మీద కూర్చున్నాడు.

"సోమవారం మధ్యాహ్నం ప్రార్థన వేళకి అందరూ మసీదుకి వెళ్తే నువ్వొక్కడివే గదిలో ఉన్నావటగా?" అడిగాడు మీర్జా.

"ఉన్నానండీ."

"నువ్వూ నమాజు చేసేవాడివే కదా? ఎందుకు వెళ్లలేదు?"

"ఈ బట్టల్తోనా? పడవ పలకల సందుల్లో దట్టించే పత్తి ఈ నూనెలోనే నానేస్తాం. ఈ కంపుతో పదిమంది మధ్య నిలబడితే వాళ్ల మనసు దేవుడి మీద ఉంటుందా, నా మీద ఉంటుందా? ఇంటికెళ్లి స్నానం చేశాకే ఎప్పుడూ నా ప్రార్థన."

"మళ్లీ ఎప్పుడు బయల్దేరావు?"

"వాళ్లు తిరిగొచ్చి కూర్చున్నాక. ఆ ఇంటి పనివాడు ముసలి సయీద్ మొదటి విడత కాఫీ పోస్తూ నాకూ గుమ్మం దగ్గర ఒక కప్పు ఇచ్చాడు. తాగి వెళ్లిపోయా."

"ఈమధ్య నీకు ఎవరితోనైనా తగాదా ఉందా?"

"ముత్యాల దలాలు మన్సూర్‌తో కాస్త మాటామాటా వచ్చింది. ఆయన పడవ బాగుచెయ్యమంటే అడుగు పలకలు పుచ్చిపోయాయి, దీంట్లో మనుషుల్ని ఎక్కించొద్దన్నా. నోరుపారేసుకున్నాడు. అంతే." చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "మా అమ్మ ముసలిదైపోయింది సాబ్. ఈ చలికాలం పెళ్లాన్నీ పిల్లనీ తీసుకెళ్లి చూపిద్దామనుకున్నా. దొంగ మొహం వేసుకుని ఒక్కణ్ణే దిగితే ఆవిడ తట్టుకోలేదు," అన్నాడు.

* * *

పడవలు కట్టే చోట బీరాన్ పనిముట్ల పెట్టె అలాగే ఉంది. కాపలాగా ఏజెన్సీ వాళ్ల బలూచీ జమాదారు మురాద్ నీడలో కూర్చున్నాడు. పెట్టెనిండా బాడిసెలు, ఉలులు, వాటి మీద నూనెలో నానిన పత్తి దిండులా పరుచుకుని ఉంది. మీర్జా చెప్పకముందే గోకుల్‌దాస్ ఉత్సాహంగా చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా జిడ్డు. చెయ్యి విదిలిస్తే పంచె మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

"అయిపోయింది. ఈ పంచెకి ఆవిడ ఏమంటుందో," అన్నాడు.

"ఆ మరక పోదు బనియాజీ. పంచె పోతుందేమోగాని," అన్నాడు మురాద్.

మీర్జా జేబులోంచి గుడ్డముక్క తీసి పత్తి మీద పెట్టి, చుట్ట వెలిగించాడు. సగం చుట్ట కాలేసరికి గుడ్డ అడుగు నల్లగా తడిసిపోయింది. దాన్ని మడిచి కాగితంలో చుట్టుకున్నాడు.

"వెతికింది ఎవరు జమాదార్?"

"నేనూ, దలాలు మన్సూరూ, ఆ దర్వేషూ. వెతకాలని పట్టుబట్టింది మన్సూర్. గదిలో ఒంటరిగా ఉన్నవాడు వీడొక్కడేగా అన్నాడు. ముందు తనే చెయ్యి పెట్టి, ఛీ ఛీ అని తీసేశాడు. ఏమీ లేదన్నాడు. అప్పుడు దర్వేష్, 'మా బావ దొంగ కాదు, నేను చూపిస్తా ఉండండి' అని చెయ్యి పెట్టాడు. పాపం, తీరా చూస్తే ఆయన చేతికే తగిలింది పొట్లం. అక్కడే కూలబడి ఏడ్చాడండీ. నాక్కూడా కళ్లల్లో నీళ్లు తిరిగాయి."

"పొట్లం నీ చేతికి వెంటనే ఇచ్చాడా?"

"వెంటనే. నేను డబ్బాలో పెట్టి మున్షీగారికి అప్పజెప్పా."

దారిలో గోకుల్‌దాస్ ఉండబట్టలేకపోయాడు. "నాకు తేటతెల్లంగా కనిపిస్తోంది సాబ్. ఆ మన్సూరే! పుచ్చిన పడవ సంగతి నలుగురికీ చెబుతాడని భయం. పట్టుబట్టి వెతికించిందీ వాడే, ముందు చెయ్యి పెట్టిందీ వాడే."

"కావచ్చు. అయితే అతన్నే చూద్దాం."

దలాలు మన్సూర్ బజారులో ఒక అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఎముకలగూడులాంటి మనిషి, కోపం మాత్రం పుష్కలం.

"మీర్జా వచ్చాడంటే ఎవడి మెడకో ఉచ్చు! నా మెడ సన్నం నాయనా, జారిపోతుంది."

"జారిపోయే మెడని నేనేం చేసుకోను? బీరాన్ మీద నీకు కోపమటగా."

"ఉంది. నా పడవ పుచ్చిందని ఊరంతా విన్నారు. కోపం ఉంటే మొహం మీద తిడతాను. ఇంకొకడి పెట్టెలో ముత్యాలు దోపే తెలివి నాకుంటే ఈ అరుగు మీద ఎందుకుంటా?"

అంతలో ధూపం అమ్మేవాడు మండుతున్న సాంబ్రాణి ముంత ఊపుకుంటూ అటు వచ్చాడు. మన్సూర్ తలగుడ్డతో ముక్కు మూసుకుని చెయ్యి విసిరాడు. "పో, పో అవతలికి! నన్ను చంపుతావా?" అని ఆయాసంతో మెలికలు తిరిగిపోయాడు. గోకుల్‌దాస్ వీపు రాస్తే కాసేపటికి ఊపిరి కుదుటపడింది.

"ఎన్నాళ్లనుంచి ఇలా?" అడిగాడు మీర్జా, ఈసారి మెత్తగా.

"పదేళ్లు. పొగ తగిలితే చాలు. ఎవరింటికెళ్లినా ధూపం వచ్చే వేళకి వాకిట్లోకి పోతా. మర్యాద తెలియనివాడంటారు. అననీ."

* * *

మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక హాజీ షాహీన్ కొలువుగదిలో అందరూ చేరారు. మీర్జా కోరితే దొరగారు ఒప్పుకుని మున్షీచేత పొట్లాన్నీ, మురాద్ వెంట బీరాన్‌నీ పంపించారు. బీరాన్ తివాచీ తొక్కకుండా గుమ్మం దగ్గర గచ్చు మీదే కూర్చున్నాడు. లోపలి గది తెరవెనక హెస్సా, హాజీ భార్య ఉన్నారు. మన్సూర్ కిటికీ దగ్గర, దర్వేష్ గోడకానుకుని. ముసలి సయీద్ కాఫీ కూజా పట్టుకుని నిలబడ్డాడు.

హాజీ షాహీన్ తెల్లగడ్డం నిమురుకుంటూ, "బీరాన్ నా ఇంట్లో పదేళ్లనుంచి పనిచేస్తున్నాడు మీర్జా. వాడని నమ్మడానికి మనసొప్పలేదు. కాని దొరికింది వాడి పెట్టెలో," అన్నాడు.

"హాజీగారూ, సోమవారం జరిగింది వరసగా చెప్పండి."

"మన్సూర్‌కీ దర్వేష్‌కీ ముత్యం చూపించాను. ప్రార్థన పిలుపు వినిపించింది. పొట్లం కట్టి పెట్టెలో పెట్టాను. బందు ఊడి ఉంది, తాళం పడదు. బీరాన్ ఉన్నాడుగదా అని ధీమాగా వెళ్లాం. తిరిగొచ్చాం, కాఫీ, హల్వా. ధూపం తిప్పాం, వాళ్లు లేచారు. పొద్దుగూకేవేళ పెట్టె తీస్తే లేదు."

"మీ ముత్యాలకి ఎప్పుడైనా ధూపం తగలనిస్తారా?"

"ఎంతమాట! పొగ తగిలితే ముత్యం పచ్చబడుతుందని మా నాన్న చెప్పేవాడు. ముత్యాలు పెట్టెలోకి వెళ్లాకే ఈ గదిలోకి ధూపం వస్తుంది. ఆ పెట్టె మూతకి లోపల తోలు కూడా కుట్టించాను."

"ఆ ఎర్ర గుడ్డ?"

"ఆ రోజు పొద్దునే తానులోంచి చింపింది."

"సయీద్ తాతా, బీరాన్ ఎప్పుడు వెళ్లాడు?"

"మొదటి కాఫీకే బాబూ. ఇక చాలన్నట్టు కప్పు ఊపి చేతికిచ్చి సలాం చెప్పి పోయాడు. ధూపం నేను తెచ్చింది ఆ తరవాత చాలాసేపటికి."

మీర్జా లేచి గది మధ్యకి వచ్చాడు. గొంతు పెంచలేదు. ఎప్పుడూ అంతే. అలాంటప్పుడు గోకుల్‌దాస్ ఊపిరి బిగపట్టి వినేవాడు.

"మున్షీజీ, పొట్లం అందరికీ ఇవ్వండి. వాసన చూడనివ్వండి."

పొట్లం చేతులు మారింది. హాజీ షాహీన్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని తటాలున తలెత్తాడు. "అగరు! ఇది నా ఇంటి అగరే!"

"అవును. ఇప్పుడిది చూడండి." మీర్జా కాగితం విప్పి, పొద్దున బీరాన్ పెట్టెలో పెట్టిన గుడ్డముక్క చూపించాడు. సగం గదికి కంపు కొట్టింది. "సగం చుట్ట కాలేంతసేపు అందులో ఉంది. పట్టుకుంటే జిడ్డు. బీరాన్ సోమవారం సాయంత్రం దొంగిలించి దాచి ఉంటే మీ పొట్లం రాత్రంతా ఆ నూనెలో నానాలి. దీనికి మరక కూడా లేదు. అంటే మంగళవారం పొద్దున వెతికేవేళ, వెతికే చేతులే దాన్ని పిడికిట్లో మూసి లోపలికి తీసుకెళ్లి, అదే క్షణంలో బయటికి తెచ్చాయి."

మురాద్ నోరు తెరిచాడు.

"ఇక అగరు సంగతి. పెట్టెలో ఉండగా పొగ తగలదు. బయటికొచ్చాకే తగలాలి. మన ఆచారం ఏమిటి? ధూపం రాగానే అంగీ గుండె దగ్గర తెరిచి, ముంత లోపలికంటా పట్టుకుంటాం. ఆ వేళకి ఈ పొట్లం ఎవరి రొమ్ములో ఉందో వాళ్ల దగ్గరే దీనికి వాసన పట్టింది. బీరాన్ అప్పటికే వెళ్లిపోయాడు. అసలు అతనికి ఈ గదిలో ధూపం ఎప్పుడూ ఇవ్వరు. సయీద్ తాతా, ముంత తీసుకురా."

నిప్పుల మీద అగరు చెక్క సన్నగా పొగలేస్తుంటే సయీద్ తెచ్చాడు. హాజీ షాహీన్ అలవాటుగా అంగీ తెరిచి పొగ పట్టుకున్నాడు. మన్సూర్ చెయ్యి ఊపి వాకిట్లోకి నడిచాడు, దగ్గుకుంటూ.

"సోమవారం కూడా అంతే కదా తాతా?"

"ఎప్పుడూ అంతే. ఆయనకి ధూపం పడదు."

ముంత దర్వేష్ ముందుకి వచ్చింది. అతను చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది. అంగీ మెడ బిగించి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పొగ మొహం మీదుగా పైకి పోతోంది.

"హాజీగారు వెతికేచోట లేరు," అన్నాడు మీర్జా నెమ్మదిగా. "మురాద్ ధూపం వేళ ఈ గదిలో లేడు. మన్సూర్ రెండుచోట్లా ఉన్నాడు, కాని పొగ పట్టలేదు. రెండుచోట్లా ఉండి, పొగ పట్టిన మనిషి ఒక్కడే. చిన్నప్పటినుంచీ అలవాటైన మర్యాద. దొంగసొత్తు రొమ్మున పెట్టుకుని కూడా చెయ్యి మరవలేదు."

తెరవెనకనుంచి, "అన్నా?" అన్న చిన్న మాట వినిపించింది.

దర్వేష్ హాజీ ముందు మోకరిల్లాడు.

"నాకు ముత్యం అక్కర్లేదు హాజీగారూ. ప్రార్థనకి కాళ్లూ చేతులూ కడుక్కోడానికి మీరంతా లేచినప్పుడు, బావ అటు తిరిగి పనిముట్లు తీస్తుంటే తీశాను. ఎందుకంటే..." అని తెర వైపు తిరిగాడు. "అమ్మ మంచం మీంచి లేవలేదు హెస్సా. రోజూ నిన్నే అడుగుతుంది. బావ నిన్నూ పిల్లనీ మలబారు తీసుకెళ్లిపోతున్నాడని రేవులో విన్నాను. నువ్వెళ్లిపోతే అమ్మ బతకదు. అతన్ని ఒక్కణ్ణి పంపేస్తే నువ్వు ఉండిపోతావనుకున్నాను. నువ్వు ఇక్కడి మనిషివి కదా."

"ఇంకొకటి కూడా ఉంది," అన్నాడు మీర్జా. "బీరాన్ షేక్‌గారి మనిషైతే కేసు ఖాజీ దగ్గరికి వెళ్లేది. ఆయన ఈ గదిలో ఉన్న ప్రతివాడినీ పిలిచి పవిత్ర గ్రంథం మీద చెయ్యి వేయించేవాడు. అవునా దర్వేష్?"

దర్వేష్ తలూపాడు. "వెయ్యలేను. చెయ్యి పడిపోతుంది. బావ పైదేశం వాడు కాబట్టి నన్నెవరూ ప్రమాణం అడగరనుకున్నా."

"నువ్వు మరిచిపోయింది ఒకటుంది. ఎనిమిదేళ్ల కిందట నీ పడవ ఇంకొకరి పడవని గుద్దినప్పుడు, ఇక్కడి కచేరీకి భయపడి మీ నాన్నది పారశీక రేవు లింగా అని ఏజెన్సీలో పేరు రాయించుకున్నావు. ఆ పేరు ఇంకా పుస్తకంలోనే ఉంది. బీరాన్ కోసం నువ్వు చూసిన స్టీమరే నీకూ వర్తిస్తుంది."

గుమ్మం దగ్గరనుంచి బీరాన్ మాట్లాడాడు.

"రుతువు మారగానే తిరిగొచ్చేవాళ్లం బావా. అమ్మకి పిల్లని చూపించి వద్దామనుకున్నాం. నా పనంతా ఇక్కడే కదా. నన్ను ఒక్కమాట అడిగితే చెప్పేవాణ్ణి."

ఆ మాట విని దర్వేష్ తల నేలకి ఆనించి ఏడ్చాడు. మురాద్ చెప్పిన మంగళవారం ఏడుపు కూడా నటన అయ్యుండదని గోకుల్‌దాస్‌కి అప్పుడనిపించింది.

హెస్సా తెర పక్కకి తీసి బయటికి వచ్చింది. "మీర్జాగారూ, మా ఇంట్లోంచి ఎవ్వరూ స్టీమరెక్కకూడదు. పెద్దమ్మకి ఏం చెప్పాలో అన్నే చెప్పుకోవాలి. అది చాలు శిక్ష."

అందరూ మున్షీ వైపు చూశారు. హుస్సేన్‌ఖాన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను ఇవాళ పొట్లానికి కాపలా వచ్చాను. వాంగ్మూలం రాయడానికి కాగితం తెచ్చుకోలేదు. రేపు పొద్దున ఎనిమిదికి కచేరీ తెరుస్తాం. తనంతట తను వచ్చినవాడికీ, పట్టుకొచ్చినవాడికీ దొర తేడా చూస్తాడు."

అందరూ లేవబోతుంటే హాజీ షాహీన్, "కూర్చోండి," అన్నాడు. సయీద్ చేతిలోంచి ధూపం ముంత తనే తీసుకున్నాడు. తివాచీ దాటి, గచ్చు మీద గొంతుక్కూర్చుని, బీరాన్ చొక్కా కింద పట్టాడు. బీరాన్ కంగారుగా వెనక్కి జరిగాడు.

"వద్దు హాజీగారూ. ఈ కంపులో మీ అగరు పాడైపోతుంది."

"పోనీ. ఇంకా ఉంది ఇంట్లో," అన్నాడు ఆ పెద్దాయన.

* * *

గురువారం పొద్దున దర్వేష్ ఎవరూ పిలవకుండానే ఏజెన్సీకి వచ్చి జరిగిందంతా చెప్పాడు. హాజీ షాహీన్ ఫిర్యాదు వదులుకుంటున్నట్టు కాగితం ఇచ్చాడు. దొరగారు ఆ కాగితం చదివి, బీరాన్‌ని విడిచిపెట్టారు. దర్వేష్‌ని గట్టిగా మందలించి, ఒక ఏడాది మంచి నడవడికి జామీను ఉంటే ఇంటికి పంపేయమన్నారు. జామీనుదారు కూడా ఆ కచేరీ పుస్తకంలో పేరున్నవాడై ఉండాలన్నారు.

"ఎవరు నిలబడతారు?" అడిగాడు మున్షీ.

హాజీ షాహీన్ పేరు ఆ పుస్తకంలో లేదు. హెస్సా పేరూ లేదు. గోకుల్‌దాస్ పేరుంది. అతను గొంతు సవరించుకునేలోపే బీరాన్ ముందుకొచ్చాడు.

"నేనున్నాను. రాసుకోండి. బేపూరు బీరాన్, వడ్రంగి."

"నీ మీద దొంగతనం మోపినవాడికా?" అన్నాడు మున్షీ.

"నా కూతురి మేనమామకి," అన్నాడు బీరాన్.

సంతకం రాదు. బొటనవేలు ముద్ర వేశాడు. నూనె జిడ్డుకి సిరా పట్టక రెండుసార్లు వెయ్యాల్సొచ్చింది. దర్వేష్ తలెత్తి చూడలేకపోయాడు. బయటికొచ్చాక, మురాద్ తెచ్చి ఇచ్చిన పనిముట్ల పెట్టె బావ చేతిలోంచి తీసుకుని తన భుజం మీద పెట్టుకున్నాడు. అంగీ మీద జిడ్డు కారుతున్నా దించలేదు. హెస్సా వాళ్లకి నాలుగడుగుల ముందు, పెద్దమ్మ ఇంటి దారి పట్టింది.

రేవులో స్టీమరు కూత వేసింది.

"ఇంటికి వెళ్లవా గోకుల్ భాయ్?" అన్నాడు మీర్జా.

"గుడికి వెళ్లి వెళ్తా సాబ్." కొంచెం దూరం నడిచాక గోకుల్‌దాస్ అడిగాడు. "ఖాజీ కచేరీలో అయితే ప్రమాణానికి భయపడి నిజం అక్కడే బయటపడేది. ఇక్కడ మీరు లేకపోతే ఇవాళ్టి స్టీమరుతో అంతా అయిపోయేది. ఏది మంచి న్యాయం అంటారు?"

మీర్జా ముందు నడుస్తున్న ముగ్గురి వైపు, అందరికంటే ముందున్న హెస్సా వైపు చూశాడు. గాలి ఇటు తిరిగితే సొరచేప నూనె వాసన కొట్టింది. దాని అడుగున ఎక్కడో, పోకుండా నిలిచిన అగరు.

"ఆవిడ చేసిందే," అన్నాడు.